కట్టకిందకు రాని పడవలు

ఆగస్టు 4

వసపిట్టకు,

నిన్న సాయంత్రం నీ గొంతు విన్నాం. మేమే కాదు, కట్టకింద ప్రతి గడపా విన్నది. మంగలి తన షాపు ముందు రేడియో పెట్టి, సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలోనే వదిలేసి "ష్... మన పిల్ల" అన్నాడట. ఆ మనిషి మొహాన సబ్బు ఎండిపోయేదాకా నోరు మెదపకుండా కూర్చున్నాడట. ఇన్నాళ్ళూ మధ్యాహ్నం వార్తలు చదివేదానివి, ఒక్కసారిగా సాయంత్రం వార్తలకు వేశారంటే మాటలా! మీ మామయ్య వచ్చినవాళ్ళకల్లా టీ పెట్టమని నా ప్రాణం తోడేశారు. నువ్వు చిన్నప్పుడు వాగుతుంటే "దీని నోటికి తాళం వెయ్యి" అనే మనిషి, నిన్న "ఈ నోరు నేను నేర్పిందే" అంటున్నారు.

వాన మాత్రం ఆగట్లేదు. ఆసుపత్రిలో ఉతికిన దుప్పట్లు ఆరడం లేదు. తడి దుప్పట్లే వార్డుల్లో పరవమంటోంది మా సూపర్‌వైజరు, రోగుల మీద పగ ఉన్నట్టు.

మొన్న మీ మామయ్య ఏటికట్ట చూసొచ్చారు. రాళ్ళ సందుల్లో నీళ్ళు చెమరుస్తున్నాయి, నాలుగు రోజులు ఎత్తు మీద ఎక్కడైనా ఉందామన్నారు. మూటలు కూడా కట్టాం. ఈలోగా నువ్వు చదివావు, కట్ట గట్టిగా ఉంది, కట్టకింద నివాసులు ఇళ్ళు వదలనక్కర్లేదు, రోడ్లెక్కి రద్దీ చెయ్యొద్దు అని. మూటలు విప్పేశాం. మన పక్కింటి కుట్టు మిషను పిన్ని, పిల్లను తీసుకుని వాళ్ళన్న దగ్గరికి బయల్దేరబోతూ చెప్పులు విడిచేసింది. "మనింటి పిల్ల మనకి అబద్ధం చెప్తుందా?" అంది.

అన్నట్టు నీ ఫోటో పేపర్లో వేస్తారన్నావు, ఏదీ? మిగతా వార్తల అమ్మాయిలవి వేశారు కదా.

వేళకు తిను.

నీ అత్త

ఆగస్టు 9

అత్తా,

కట్ట తెగిందన్న కబురు నా చేతికే వచ్చింది, చదవడానికి. తర్వాతి వాక్యం చూశాక ఊపిరి వచ్చింది. కట్టకింద నివాసులందరినీ పడవల్లో బడి భవనాలకు చేర్చారని ఉంది. నా జీవితంలో అంత ఇష్టంగా ఏ వాక్యమూ చదవలేదు. ఏ బళ్ళో ఉన్నారు? ఎత్తు మీదున్న బడిలోనా, చర్చి వెనక ఉన్నదాంట్లోనా? ఫోన్లు పనిచెయ్యడం లేదు. మీ ఆసుపత్రి అంబులెన్స్ డ్రైవర్ మందుల కోసం ఇక్కడికి వచ్చాడని తెలిసి పరుగెత్తి పట్టుకున్నాను. దుప్పటి, సబ్బులు, మామయ్యకి ఉన్ని మేజోళ్ళు పంపిస్తున్నాను. ఆయన మోకాళ్ళకు చల్లటి నేల పడదు. బడి గచ్చు మీద పడుకోనివ్వకు, బెంచీలు రెండు కలిపి వెయ్యి.

నా ఫోటో సంగతి అడిగావు. నేనూ అడిగాను. మా స్టేషన్ డైరెక్టర్ గారు నవ్వి, "నీ గొంతు విని జనం ఏదో ఊహించుకుంటారమ్మా, ఆ ఊహ చెడగొట్టడం ఎందుకు?" అన్నారు. నేను కూడా నవ్వాను. రేవు తవ్వడానికి మన తాతల్ని ఓడల్లో తెచ్చిన దగ్గర్నుంచీ మన నలుపు మీద ఎవరు ఏమన్నా నవ్వి ఊరుకోవడమే కదా మనకి వచ్చింది.

సామాన్లు జాగ్రత్త. వరదలో దొంగలు బయల్దేరారు. మందుల షాపు తలుపు పగలగొట్టినవాణ్ణి పోలీసులు పట్టుకున్నారని నిన్న వార్తల్లో చదివాను. ఇంత కష్టంలో దోచుకునే మనుషుల్ని అసలు వదలకూడదు.

మామయ్యని ఒక్క ముక్క రాయమను.

నీ వసపిట్ట

ఆగస్టు 13

తల్లీ,

దుప్పటీ సబ్బులూ మేజోళ్ళూ అందాయి. డ్రైవర్ మంచివాడు, తన వంతుగా రెండు రొట్టెలు కూడా పెట్టాడు.

మేం ఏ బళ్ళోనూ లేం. రేవు పక్కన సిమెంటు గోడౌన్లో ఉన్నాం. బళ్ళలో పైకాలనీ వాళ్ళున్నారు. వాళ్ళ వరండాల్లోకి నీళ్ళొచ్చాయని ముందు వాళ్ళనే తీసుకెళ్ళారు. మన ఇంట్లో నీళ్ళు కిటికీ దాటేసరికి అందరం పిన్ని వాళ్ళ డాబా ఎక్కాం. అక్కణ్ణుంచి పడవలు కనిపిస్తూనే ఉన్నాయి. మా ముందు నుంచే ఖాళీగా పైకాలనీకి వెళ్ళేవి, మనుషుల్ని ఎక్కించుకుని తిరిగొచ్చేవి. ఒకదాంట్లో ఒకావిడ కుక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంకోదాంట్లో నిలువెత్తు గోడ గడియారం ప్రయాణం చేసింది. మేం చీరలు విప్పి ఊపాం. వస్తాం, వస్తాం అన్నట్టు వాళ్ళూ చేతులు ఊపారు. ఆ కుక్క మీద నాకేం కోపం లేదు, పాపం అదీ చలికి వణుకుతోంది.

ఆ సాయంత్రం మంగలి రేడియో పెట్టాడు. వాన తగలకుండా దాన్ని గొడుగు కింద పెట్టి తను తడిశాడు. నువ్వు వచ్చావు. కట్టకింద నివాసులందరినీ తరలించారు అన్నావు. పిన్ని కూతురు "అయితే మనం ఎవరం?" అని అడిగింది. ఏడేళ్ళ పిల్ల, దానికేం తెలుసు.

చివరికి మమ్మల్ని దించింది చేపలు పట్టేవాళ్ళు. వలలు తీసి గట్టున పడేసి పడవలు తెచ్చారు.

నువ్వు కళ్ళారా చూసి చదివావని అనుకున్నారు ఇక్కడందరూ. నేనూ అంతే అనుకున్నాను. చూడకుండా ఎలా చదువుతారు తల్లీ?

నువ్వు రాసిన మందుల షాపు దొంగ మన మంగలే.

అత్త

ఆగస్టు 17

అత్తా,

నీ ఉత్తరం చదివి గాభరా పడి వార్తలు రాసే విభాగానికి వెళ్ళాను. వాళ్ళు ఓపిగ్గా చెప్పారు. కట్టకిందకు పడవలు వెళ్ళాయట, రేవు వైపు నుంచి వెళ్ళాయట. నువ్వున్న డాబాకి అటువైపు కనిపించదు కదా. అంత నీళ్ళలో, అంత భయంలో మనిషికి అన్నీ సరిగ్గా కనిపించవు. నీ మాట అబద్ధమని కాదు. నువ్వు చూడని చోట కూడా ఏదో జరిగి ఉంటుందని అంటున్నాను. ఇంత పెద్ద ప్రభుత్వం, ఒక పేటను మొత్తం ఎలా మర్చిపోతుంది?

నేను చూడను అత్తా. నాకు కాగితం ఇస్తారు, చదువుతాను. ఇక్కడ అందరూ అంతే.

మంగలి విషయం విని సిగ్గేసింది. షాపు పగలగొట్టాల్సిన ఖర్మ ఏమొచ్చింది? శిబిరాల్లో డాక్టర్లున్నారు, మందులు ఊరికే ఇస్తున్నారు. అడిగితే ఇవ్వరా? ఇలాంటివాళ్ళ వల్లే మన వాళ్ళందరికీ చెడ్డపేరు.

మామయ్య ఎందుకు రాయలేదు? మేజోళ్ళు చిన్నవయ్యాయా? లేక నా మీద అలిగారా? అలిగితే అలిగానని రాయమను. ఆయన మౌనం నేను భరించలేను.

వసపిట్ట

ఆగస్టు 21

మీ మామయ్య అలగలేదు. పోయారు.

పోయిన ఉత్తరంలో రాయలేకపోయాను. దూరాన ఒక్కదానివీ ఉన్నావు, ఎవరైనా పక్కనున్నప్పుడు తెలిస్తే మంచిదనుకున్నాను. ఇప్పుడు రాస్తాను, చదువు.

డాబా మీద రెండో రోజు పిన్ని కూతురికి ఒళ్ళు కాలిపోయింది. పడవ ఒకటి మన వీధి మలుపు దాకా వచ్చింది. మీ మామయ్య నీళ్ళలోకి దిగారు. మెడ లోతులో గోడ పట్టుకుని వెళ్ళి పడవ అంచు అందుకున్నారు. "బాబూ, మేం ఇక్కడే ఉంటాం. పిల్లొక్కతినీ ఎక్కించుకోండి" అన్నారు. యూనిఫాం వేసుకున్నవాడు "చెయ్యి తియ్! ఒకళ్ళని ఎక్కిస్తే నల్లమూకంతా మీద పడుతుంది" అని అరిచాడు. తియ్యకపోతే తెడ్డుతో వేళ్ళ మీద కొట్టాడు. మామయ్య వదల్లేదు. మళ్ళీ కొట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఇది నాకు సరిగ్గా కనిపించింది.

మునిగి, నీళ్ళు మింగి, ఎలాగో తిరిగొచ్చారు. గోడౌన్‌కి చేరాక ఆయాసం మొదలైంది. డాక్టరు బళ్ళకు వచ్చాడు గానీ గోడౌన్‌కి రాలేదు. నలుగురం మోసుకుని నేను పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్ళాం. గేటు దగ్గర ఉన్నది నన్ను ఎరిగినవాడే. "అక్కా, పైకాలనీ వాళ్ళకే మంచాలు చాలడం లేదు, కట్టకింద వాళ్ళని లోపలికి వదిలితే నా ఉద్యోగం పోతుంది" అని ఏడ్చాడు. లోపల వాళ్ళు పడుకున్న దుప్పట్లు నేను ఉతికినవే. వెనక్కి మోసుకొచ్చాం.

అప్పుడు మంగలి వెళ్ళాడు మందు కోసం. ముందు అడిగాడు. షాపు యజమాని ఊళ్ళో లేడు, పక్కనున్న పోలీసు వినలేదు. తలుపు పగలగొట్టి ఒక్క సీసా తీసుకున్నాడు. అది జేబులో ఉండగానే పట్టుకున్నారు. ఇంకా లోపలే ఉన్నాడు. వాణ్ణి వదలకూడదని నువ్వు రాశావు.

నీ మేజోళ్ళు ఒక పూట తొడుక్కున్నారు. "వెచ్చగా ఉన్నాయే" అన్నారు. వాటిని తియ్యకుండానే మట్టి చేశాం.

నీ మాట నమ్మి మూటలు విప్పినందుకు ఆయన నిన్ను ఒక్క మాట అనలేదు. నేను అంటున్నాను.

ఆగస్టు 26

అత్తా,

మొదలుపెట్టడం, చింపెయ్యడం. ఇదే పని నాకు నాలుగు రోజులుగా. ఏం రాసినా రేడియోలో చదువుతున్నట్టే ఉంది.

నీ ఉత్తరం పట్టుకుని డైరెక్టర్ గదికి వెళ్ళాను. "ఇళ్ళు వదలొద్దన్న వార్త ఎవరు రాశారు సార్?" అని అడిగాను.

"నీకెందుకమ్మా? నీ పని చదవడం."

"మా మామయ్య పోయారు సార్."

ఆయన కళ్ళజోడు తీసి "అయ్యయ్యో" అన్నారు. నిజంగానే బాధపడ్డారు. నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించారు. అప్పుడు చెప్పారు, ఏదో నాకు ఓదార్పు అన్నట్టు. "చూడమ్మా, కట్ట నిలవదని పైవాళ్ళకి ముందే తెలుసు. ఉన్న బస్సులు పైకాలనీకే చాలవు. మీవాళ్ళంతా ఒక్కసారి రోడ్డెక్కి ఊరి మీద పడితే ఏమవుతుందోనని వాళ్ళ భయం. ఎవరు చెప్తే కదలకుండా ఉంటారని అడిగారు. నేను నీ పేరు చెప్పాను. నీకూ పైకొచ్చే అవకాశం కదా అనుకున్నాను."

టీ చల్లారిపోయింది. తాగమని మరీ మరీ చెప్పారు.

నేను బాగా చదువుతానని సాయంత్రం వార్తలు ఇవ్వలేదత్తా. నాది కట్టకింద అని ఇచ్చారు. నీ టీ తాగి నన్ను మెచ్చుకున్నవాళ్ళందరినీ నా చేతే ఇళ్ళలో కూర్చోబెట్టారు. మీరు నమ్మారు. నేనూ నమ్మాను, కానీ నా ఇంట్లోకి నీళ్ళు రాలేదు.

మంగలి గురించి నేను రాసిన మాటలు వెనక్కి తీసుకునే దారి లేదు. వాళ్ళావిడ ముందు నా పేరు ఎత్తకు.

రాజీనామా రాసి పెట్టుకున్నాను. వచ్చేస్తాను. రమ్మంటావా?

ఈసారి సంతకం ఏం పెట్టాలో తెలియడం లేదు.

సెప్టెంబర్ 1

వసపిట్టకు,

అదే నీ పేరు, అదే పెట్టు.

ఆ రోజు ఉత్తరం డ్రైవర్‌కి ఇచ్చాక కాలు నిలవలేదు. అతని దగ్గరికి పరుగెత్తాను వెనక్కి తీసుకుందామని, అప్పటికే వెళ్ళిపోయాడు. అయినా రాసింది తప్పని అనను. నిన్ను వాడుకున్నారు, అది నిజం. చదివింది నువ్వు, అదీ నిజమే. నాకు నీ మీద కోపం వచ్చిన పూటే నీకు జ్వరం వచ్చిందేమోనని బెంగ పుట్టింది. ఏం చెయ్యను, అలవాటు.

డైరెక్టర్ అన్న మాటలు ఇక్కడ చదివి వినిపించాను. పిన్ని మధ్యలోనే లేచి బయటికి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి నాతో మాట్లాడటం లేదు. పక్క పక్కనే పడుకుంటాం, మధ్యలో చీర కట్టింది తెరలాగా. పిల్లకి జ్వరం తగ్గింది గానీ ఎడమ చెవి వినపడటం లేదు.

ఇప్పుడు ఇంకో గొడవ వచ్చి పడింది. కొండ అవతల పాత క్వారీ దగ్గర రేకుల షెడ్లు వేశారు. మమ్మల్నందరినీ అక్కడికి తోలేస్తారట. అక్కడ నీళ్ళు లేవు, పని లేదు, ఊళ్ళోకి బస్సు లేదు. మన ఇళ్ళున్న చోట రేవు వాళ్ళు గోడౌన్లు కడతారని చేపల వాళ్ళు చెప్తున్నారు. ఒకాయన ఫైలు పట్టుకుని వచ్చి, "మీ అంతట మీరే వెళ్తున్నట్టు వేలిముద్రలు వెయ్యండి" అన్నాడు. నాకు సంతకం వచ్చని చెప్పాను. "సంతోషం, సంతకం పెట్టు" అన్నాడు. సంతకం వచ్చినవాళ్ళకి చదవడం కూడా వచ్చు బాబూ అన్నాను. మొహం మాడ్చుకుని వెళ్ళాడు.

రాజీనామాకి తొందరపడకు. కొన్నాళ్ళు అక్కడే ఉండు.

అత్త

సెప్టెంబర్ 6

అత్తా,

తొందరపడొద్దన్నావు. మొదట చదివినప్పుడు మనసు చివుక్కుమంది. మామయ్య పోయినా నా ఉద్యోగం నిలవాలని చూస్తోంది అనుకున్నాను. లేదా నా ముఖం చూడలేక రావొద్దని ఇలా చెప్తోంది అనుకున్నాను. నిన్న సాయంత్రం దాకా అదే అనుకుంటున్నాను.

నిన్న నాకు రెండు కాగితాలు ఇచ్చారు. ఒకటి విదేశీ మంత్రి రాక. రెండోది, కట్టకింద నివాసులు తమంతట తామే క్వారీ దగ్గరి కొత్త ఇళ్ళకు సంతోషంగా తరలివెళ్తున్నారు, సహాయ కార్యక్రమాలు విజయవంతంగా ముగిశాయి. అది చూశాక నువ్వు కొన్నాళ్ళు ఉండమన్నది ఎందుకో అర్థమైంది. ఒకవేళ నువ్వు అందుకు అనలేదేమో. నేను మాత్రం అలాగే అర్థం చేసుకున్నాను.

మంత్రి రాక మామూలుగా చదివాను. రెండో కాగితం బల్ల మీద బోర్లా పెట్టాను. "నేను కట్టకింద పుట్టాను" అన్నాను. ముందే ఏం అనుకోలేదు, అదే వచ్చింది. ఇళ్ళు వదలొద్దని ఇదే గొంతుతో చెప్పాను, ఆ మాట అబద్ధం, అబద్ధమని రాసినవాళ్ళకి తెలుసు అన్నాను. పడవలు రాలేదు, పడవ పట్టుకున్న మా మామయ్య వేళ్ళు తెడ్డుతో కొట్టారు, ఆయన పోయారు అన్నాను. మందుల షాపు దొంగ అని నేను చెప్పిన మనిషి ఒక ప్రాణం కోసం వెళ్ళాడు అన్నాను. క్వారీకి ఎవరూ ఇష్టపడి వెళ్ళడం లేదు అన్నాను.

అద్దం అవతల సౌండు చూసే పెద్దాయన ఉంటారు. నా మాట ఆపాల్సింది ఆయనే. ఆయన సిగరెట్ పెట్టె కోసం అన్నట్టు జేబులు తడుముకోవడం మొదలుపెట్టారు. చొక్కా జేబు, ప్యాంటు జేబులు, మళ్ళీ చొక్కా జేబు. అత్తా, ఆయన సిగరెట్లు తాగరు. డైరెక్టర్ తలుపు తోసుకుని వచ్చేదాకా తడుముకుంటూనే ఉన్నారు.

ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. ఆయనకి క్షమాపణ చెప్పబోతే, "నాకు రేడియోలు బాగుచెయ్యడం వచ్చమ్మా, నీ సంగతి చూసుకో" అన్నారు.

మీరు విన్నారా? పిన్ని విన్నదా? ఏమంది?

వసపిట్ట

సెప్టెంబర్ 12

తల్లీ,

మేం వినలేదు. రేడియో మంగలిది, అది డాబా మీదే పాడైపోయింది. నువ్వు అన్నావని మాకు తెలిసిందల్లా ఆసుపత్రి గేటువాడి వల్ల. సైకిలు తొక్కుకుంటూ వచ్చి గోడౌన్ మధ్యలో నిలబడి, నువ్వన్న మాటలు వాడికి గుర్తున్నంత చెప్పాడు. వాడికి ఉచ్చారణ సరిగ్గా రాదు, నువ్వు వింటే దిద్దేదానివి. ఉండమన్నది అందుకేనా అని నన్ను అడగకు. నాకే సరిగ్గా తెలియదు. ఉత్త చేతులతో రోడ్డున పడతావేమోనన్న భయం కూడా ఉంది.

మర్నాడు క్వారీ లారీలు వచ్చాయి. ఎవరూ ఎక్కలేదు. పోలీసులు వచ్చారు. చేపల వాళ్ళు కూడా వచ్చి మాతో పాటు నేల మీద కూర్చున్నారు. పేపరు వాళ్ళు ఇద్దరు కెమెరాలతో రావడంతో పోలీసులు లాఠీలు కిందికి దించారు. లారీలు ఖాళీగా తిరిగి వెళ్ళాయి. ఇప్పటికి వెళ్ళాయి అంతే, మళ్ళీ రావని ఎవరూ అనలేదు. విచారణకు ఒక జడ్జిని వేశారు. సోమవారం ఎత్తు బళ్ళో కూర్చుంటాడట, చెప్పుకునేవాళ్ళు చెప్పుకోవచ్చట. మంగలిని బెయిలు మీద వదిలారు. మనిషి సగమయ్యాడు. గోడౌన్‌కి డాక్టరు కూడా వచ్చాడు. ఇన్నాళ్ళకి.

పిన్ని ఏమందని అడిగావు. నేను చెప్పడం ఎందుకు, తనే రాస్తానంటోంది. కలం ఇస్తున్నాను.

అమ్మాయికి,

నీ మాట విని నేను చెప్పులు విడిచాను. నా కూతురు ఎడమ పక్కన నిలబడి పిలిస్తే పలకదు. నిన్ను క్షమించానని రాయమని మీ అత్త అడగలేదు, నేనూ రాయడం లేదు. రేపు ఎప్పుడైనా రాస్తానేమో తెలియదు. కానీ సోమవారం జడ్జి ముందు, ఇళ్ళల్లోనే ఉండమని మీకు ఎవరు చెప్పారని అడిగితే నీ పేరు చెప్పాలి. చెప్పాక, ఆ పిల్లకి ఆ కాగితం ఎవరిచ్చారో అడగండి అని కూడా చెప్పాలి. ఆ జవాబు నా నోటితో చెల్లదు. నువ్వే నిలబడి చెప్పాలి. మా బెంచీ మీదే కూర్చుందువు గాని. డైరెక్టర్ పేరు బాగా గుర్తు పెట్టుకుని రా.

ఇదీ తను రాసింది. రాసేసి తెరగా కట్టిన చీర విప్పి ఉతకడానికి పట్టుకెళ్ళింది. మళ్ళీ కడుతుందో లేదో చూడాలి.

అంబులెన్స్ ఆదివారం బయల్దేరుతుంది, డ్రైవర్ పక్కన కూర్చుని వచ్చెయ్. రేవు గేటు దగ్గర దిగితే ఎడమ చేతి వైపు రెండో గోడౌన్. నిన్ను చూసి కొందరు మొహం తిప్పుకుంటారు. ఒకరిద్దరు నోరు చేసుకుంటారు. నేను అడ్డు రాను, అనాల్సింది అననివ్వు. అందరూ అన్నాక నా దగ్గరికి రా. చాప వేసి ఉంచుతాను.

నీ అత్త